అర దెబ్బ ఆలస్యం

పోయిన ఏడాది జూలైలో, వారానికి రెండు రోజులు నేను సంగీతం చెప్పే బడిలో నాకొక పని అప్పగించారు. అమ్మాయిల కబడ్డీ జట్టు మండల పోటీలకి వెళ్తోంది, వాళ్లకి ఒక పాట కావాలి. ఎక్కడిదో ట్యూన్ తెచ్చి మాటలు మార్చింది కాకుండా, కొత్తగా కట్టిన సొంత పాట. పిల్లలే పాడాలి, మూడు నిమిషాలు దాటకూడదు, వింటే కూర్చున్నవాళ్లు లేచి నిలబడాలి. పీఈటీ సార్ చెప్పిన షరతులు ఇవే.

రెండు రాత్రుల్లో రాసేశాను. పల్లవి మొదటి వరుస ఇది:

అడుగులు వేద్దాం, గెలుపును తెద్దాం

ఎనిమిది దెబ్బల ఆది తాళం, వేగం నిమిషానికి 96 దెబ్బలు. కంప్యూటర్లో ప్రతి దెబ్బకీ కిక్ డ్రమ్ పెట్టాను, దెబ్బ విడిచి దెబ్బకి చప్పట్లు, పైన కీబోర్డు. పిల్లలు గంటలో నేర్చేసుకున్నారు. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. అయినా పాటలో ప్రాణం లేదు. ఆ సంగతి పాడుతున్నవాళ్ల మొహాల్లోనే తెలిసిపోయింది. పొద్దున్న ప్రార్థనకి ఎలా నిలబడతారో అలాగే నిలబడి పాడారు. ఒక్కరి కాలూ కదల్లేదు.

అప్పటికి నాకు తెలిసిన మందు ఒక్కటే, వేగం. 112కి పెంచాను. కొంచెం నయమనిపించి 124కి తీసుకెళ్లాను. పిల్లలకి ఊపిరి అందక "తెద్దాం"లో చివరి అక్షరం మింగేయడం మొదలుపెట్టారు. పాట హడావిడిగా తయారైంది గానీ హుషారు రాలేదు. సరే అని తిరిగి తిరిగి అదే ముక్క మోగే డప్పు లూప్ ఒకటి వేశాను. దాని మీద ఇంకోటి. చివరికి పదకొండు ట్రాకులయ్యాయి. హెడ్‌ఫోన్స్‌లో వింటే బ్రహ్మాండంగా ఉండేది. పిల్లలు పక్కన నిలబడి పాడితే మాత్రం వాళ్ల గొంతులు ఆ శబ్దం కింద ఎక్కడో ఉండేవి.

ఆ పాట పారేసి మళ్లీ కట్టిన మూడు వారాల్లో నాకు గట్టిగా నాటుకున్న విషయం ఒకటుంది. పాటకి ఊపు వేగం వల్ల రాదు, వాయిద్యాల సంఖ్య వల్ల రాదు. తాళం పడే చోటు ఒకటి, మాట ఊనే చోటు ఒకటి. ఆ రెండూ కాసేపు విడిపోయి, మళ్లీ ఎక్కడ కలుస్తాయా అని చెవి ఎదురుచూస్తుంది చూడండి, ఊపు అక్కడ పుడుతుంది. తెలుగులో పాట కట్టేవాళ్లకి ఆ విడిపోవడానికీ కలవడానికీ కావలసిన సరుకు మాటల్లోనే సిద్ధంగా ఉంది. అందుకే ట్యూన్ కన్నా ముందు, లూప్ కన్నా ముందు మాటల మాత్రలు, అంటే అక్షరాలు పలికే కాలం కొలతలు, చూసుకోవాలని నేను పట్టుబట్టి చెబుతున్నాను.

తెలుగు మాటకి కొలత ఉంటుంది. పొట్టి అక్షరం ఒక మాత్ర, దీర్ఘం రెండు. పొట్టి అక్షరమే అయినా పక్కన సున్నా ఉన్నా, వెనకాల ఒత్తక్షరం వచ్చినా రెండు మాత్రలే. ఒక మాత్రది లఘువు, రెండు మాత్రలది గురువు. ఇది ఎనిమిదో తరగతిలో పరీక్ష కోసం చదివి మర్చిపోయిన పాఠం. పాటలు కట్టడం మొదలుపెట్టాక కూడా నేను దాన్ని పద్యాల వ్యవహారంగానే చూశాను. కానీ నా పల్లవిని ఆ కొలతతో ఒకసారి కొలిస్తే జబ్బు వెంటనే బయటపడింది. "అడుగులు" నాలుగు లఘువులు, నాలుగు మాత్రలు. "వేద్దాం" రెండు గురువులు, నాలుగు మాత్రలు. "గెలుపును" నాలుగు, "తెద్దాం" నాలుగు. దెబ్బకి నాలుగు మాత్రల చొప్పున పాడుతున్నాం కాబట్టి ప్రతి మాటా దెబ్బతో మొదలై తర్వాతి దెబ్బకి ముందు అయిపోతోంది. మొదటి దెబ్బ వినగానే మిగతా మూడూ ఎలా ఉంటాయో చెవికి తెలిసిపోతోంది. ఎదురుచూడటానికి ఏమీ మిగల్లేదు. దాన్ని 124 వేగంతో పాడితే, తెలిసిన సంగతే ఇంకాస్త తొందరగా తెలుస్తుంది.

ఈ మాట మన పాత పద్యకారులకి ఎంత బాగా తెలుసో కందపద్యం చూస్తే అర్థమవుతుంది. కందంలో అన్నీ నాలుగు మాత్రల గణాలే, అంటే అక్షరాల గుంపులే. సగం పద్యానికి ఎనిమిది గణాలు, ముప్ఫై రెండు మాత్రలు. దెబ్బకి నాలుగు మాత్రలు వేసుకుంటే సరిగ్గా ఒక ఆది తాళ ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు. అన్నీ నాలుగులే అయితే నా పల్లవిలాగే చప్పగా ఉండాలి కదా? ఉండదు. నాలుగు మాత్రలని ఐదు రకాలుగా పేర్చవచ్చు: గురువులు రెండు, లఘువులు నాలుగు, గురువు ముందు ఉండేది, గురువు చివర ఉండేది, గురువు మధ్యలో ఉండేది. ఈ ఐదోది జగణం. లఘువు, గురువు, లఘువు. దెబ్బ లఘువు మీద పడుతుంది, బరువు మాత్రం దాని పక్క అక్షరం మీద ఉంటుంది. పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నవాళ్లు సింకోపేషన్ అనే పని జగణం తనంతట తానే చేసేస్తుంది.

ఇక నియమం చూడండి. బేసి గణాల్లో, అంటే ఒకటి, మూడు, ఐదు, ఏడు స్థానాల్లో జగణం రాకూడదు. ఆరో చోట జగణం గాని నాలుగు లఘువులు గాని తప్పకుండా ఉండాలి. ఎనిమిదో గణం చివర గురువు ఉండాలి. బళ్లో ఇది కంఠతా పట్టాల్సిన షరతుల్లా కనిపించింది నాకు. ఇప్పుడు పాట కట్టేదాని కళ్లతో చూస్తే ఎంత ఆలోచించి చేసిన ఏర్పాటో! మొదట నేల గట్టిగా ఉండాలి. ఆవర్తనం ముగింపుకి కాస్త ముందు, ఆరో దెబ్బ దగ్గర, కాలు జారినట్టు అనిపించాలి. ఎనిమిదో దెబ్బలో పొడవాటి అక్షరం మీద నిలదొక్కుకోవాలి. టెన్షన్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ విప్పాలి అన్నది గణాల స్థాయిలోనే రాసి పెట్టారు.

అందరికీ నోటికొచ్చిన సుమతీ శతక పద్యమే తీసుకుందాం. "అక్కరకు రాని చుట్టము, మ్రొక్కిన వరమీని వేల్పు." గణాలుగా విడగొడితే అక్కర, కురాని, చుట్టము, మ్రొక్కిన, వరమీ, నివేల్పు. రెండోదీ ఆరోదీ జగణాలు. మాటలుగా విడగొడితే లెక్క వేరు. అక్కరకు ఐదు మాత్రలు, రాని మూడు, చుట్టము నాలుగు. అడుగున తాళం నాలుగు నాలుగు నాలుగుగా నడుస్తుంటే పైన మాటలు ఐదు మూడు నాలుగుగా నడుస్తున్నాయి. రెండూ ఎనిమిది దగ్గర మళ్లీ కలిశాయి. చిన్నప్పుడు ఈ పద్యాన్ని అరుచుకుంటూ ఎందుకు చదివేవాళ్లమో, అలా చదవడం ఎందుకంత బాగుండేదో నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. అదే పద్యంలో మూడో పాదం "ఎక్కిన బారని గుర్రము". మూడు మాటలు, మూడు గణాలు, మూడూ ఒకే అచ్చు. చుట్టూ ఉన్న పాదాలు మాటనీ గణాన్నీ విడదీస్తుంటే ఇది ఒక్కటే దెబ్బకొక మాటగా తిన్నగా పడుతుంది. ఎక్కినా కదలని గుర్రానికి ఈ నడక సరిపోయిందని నాకనిపిస్తుంది. కవి ఉద్దేశం అదేనని నేను వాదించను, చెవికి మాత్రం అలాగే ఉంది.

పాత పాట పారేశాక నేను కంప్యూటర్ ముందు కూర్చోవడం మానేసి నాలుగు సాయంత్రాలు బరి పక్కన కూర్చున్నాను. మా గోదావరి ఒడ్డు ఊళ్లో మేం ఈ ఆటని చెడుగుడు అనేవాళ్లం. కూతకి వెళ్లినవాడు చెడుగుడు చెడుగుడు అనే అనేవాడు. ఈ బడి ఉన్నది తెలంగాణలో, పిల్లలు కబడ్డీ అంటారు. కూత పెట్టేటప్పుడు చివరి దీర్ఘం పోయి "కబడ్డి కబడ్డి కబడ్డి" అవుతుంది. వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకున్నాను. క ఒకటి, బడ్ రెండు, డి ఒకటి. జగణం! చెడుగుడు చూస్తే నాలుగు లఘువులు. కందంలో ఆరో చోటికి అనుమతి ఉన్నవి సరిగ్గా ఈ రెండే. ఇది కాకతాళీయమే, దీని వెనక రహస్యం ఏదో ఉందని నేను అనడం లేదు. కానీ ఆ సాయంత్రం నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ప్రత్యర్థుల మధ్యలోకి ఒంటరిగా వెళ్లే పిల్ల, కాలు ఒక చోట వేసి బరువు ఇంకో చోట పెడుతూ ఉంటుంది. ఆమె నోట్లో ఉన్న గణం కూడా అదే పని చేస్తోంది. శ్రీశ్రీ "పదండి ముందుకు"లో "పదండి" కూడా ఇదే జగణం. దాన్ని మెల్లగా చదివినా కాలు లేస్తుంది.

ఆ రాత్రి కొత్త పల్లవి వచ్చింది:

గీత దాటితే ఊపిరి ఒకటే
కాలు చిక్కితే ఏడుగురొకటే

వరుసకి పదహారు చొప్పున ముప్ఫై రెండు మాత్రలు, ఒక ఆవర్తనం. కూతకి వెళ్లినప్పుడు ఉండేది ఒక్క ఊపిరి. కాలు దొరికిందా, ఎదుటి జట్టులో ఏడుగురూ ఒక్కటైపోతారు. అర్థం సంగతి అలా ఉంచి నడక చూడండి. గీత మూడు, దాటి మూడు, తే రెండు. తాళం నాలుగు నాలుగుగా పోతుంటే మాట మూడు మూడు రెండుగా పోతుంది. రెండో దెబ్బ పడే వేళకి గొంతు "దా" అనే దీర్ఘం మధ్యలో ఉంటుంది. తర్వాత "ఊపిరి ఒకటే" మళ్లీ నాలుగు, నాలుగు. ఒకసారి విడిపోయి, ఒకసారి కలిసి. కందంలో దీర్ఘాన్ని ఇలా గణం హద్దు దాటించడం కుదరదు, పాటలో కుదురుతుంది. ఈ మూడు మూడు రెండు కూడా మనకి కొత్తది కాదు. "మరో ప్రపంచం" అని పైకి అనండి. మరో మూడు, ప్రపం మూడు, చం రెండు. క్యూబా సంగీతంలో ఇదే విరుపుని ట్రెసీయో అంటారు. అక్కడి డ్రమ్ములో ఉన్నది ఇక్కడ మాటలో ఉంది.

వేగం మళ్లీ 96కే దించాను. పిల్లలు పాడారు. ఈసారి మోకాళ్లు కొంచెం కదిలాయి. అయినా ఏదో తక్కువ. "ఒకటే"లో చివరి "టే" దెబ్బకీ దెబ్బకీ మధ్య పడి, కాలు గాల్లో ఉండిపోయినట్టు ఉంటోంది. గట్టిగా అరవాల్సిన అక్షరం అదే, దాని కింద నేల లేదు.

పక్క ఊరి నుంచి డప్పు కొట్టే పెద్దాయన్ని పిలిపించింది పీఈటీ సారే. పిల్లలు ఆయన్ని తాతా అంటారు, నేను అన్నా అంటాను. ఆయన ముందు నా పదకొండు ట్రాకుల పాత రికార్డింగ్ విన్నాడు. "గింత నింపిండ్రేంది మేడమ్? పిల్లలు పాడనీకి జాగేది?" అన్నాడు. నేను ల్యాప్‌టాప్ మూసేశాను. ఆయన గడ్డి మంట వేసి డప్పు కాచుకుని, చర్మం బిగిశాక ఒక చేతిలో చిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల పట్టుకుని నిలబడ్డాడు. పిల్లలు ఆయన మొదటి దెబ్బతో పాటే ఎత్తుకున్నారు. ఆయన ఆపాడు.

"ఆగుండ్రి బిడ్డా. నా దెబ్బ పడ్డంక అందుకోండ్రి."

దెబ్బ పడింది. ఖాళీ. అప్పుడు "గీత". ఆ ఖాళీ సరిగ్గా అర దెబ్బ, రెండు మాత్రలు. పాట మొత్తం రెండు మాత్రలు వెనక్కి జరిగింది. పిల్లలు రెండోసారి పల్లవి తిప్పేసరికి ఒకమ్మాయి నేలని కాలితో తన్నడం మొదలుపెట్టింది. మూడోసారికి అందరూ తన్నుతున్నారు.

ఏం జరిగిందో నేను ఇంటికి వెళ్లి కాగితం మీద గీసుకుంటే గాని పూర్తిగా అర్థం కాలేదు. పల్లవిలో నాలుగు ముక్కలున్నాయి, నాలుగూ దీర్ఘంతో ముగుస్తాయి: తే, టే, తే, టే. రెండు మాత్రలు వెనక్కి జరపగానే ఆ నాలుగు దీర్ఘాలూ వెళ్లి మూడో దెబ్బ మీద, ఐదో దెబ్బ మీద, ఏడో దెబ్బ మీద, తర్వాతి ఆవర్తనం మొదటి దెబ్బ మీద కూర్చున్నాయి. మొదళ్లన్నీ దెబ్బ తప్పించుకుని పుడుతున్నాయి, చివరలన్నీ దెబ్బ మీద పడుతున్నాయి. ఆఖరి "టే" వచ్చి డప్పు సమంతో, అంటే ఆవర్తనం మొదటి దెబ్బతో, ఢీకొంటోంది, ఆ ఢీకొన్న ఊపుతోనే మళ్లీ "గీత" లేస్తోంది. ఒక్క అక్షరం మార్చలేదు, వేగం మార్చలేదు, ఒక్క వాయిద్యం కలపలేదు. ఎత్తుకునే చోటు అర దెబ్బ జరిగింది, అంతే.

మన సంగీత శాస్త్రంలో ఈ ఎత్తుకునే చోటుని గ్రహం అంటారు, దానికి పేర్లున్నాయి. తాళంతో పాటే ఎత్తుకుంటే సమ గ్రహం, తాళం మొదలైన తర్వాత ఎత్తుకుంటే అనాగతం, ముందే ఎత్తుకుంటే అతీతం. త్యాగరాజ స్వామి కృతుల్లో చాలా వాటిని ఒకటిన్నర దెబ్బ విడిచిపెట్టి ఎత్తుకుంటారు. ఆ పద్ధతిని దేశాది అంటారు. గురువుగారి ముందు కూర్చుని తొడ మీద తాళం వేస్తూ వందలసార్లు అలా ఎత్తుకున్నదాన్ని నేను. పరీక్షలో మూడు గ్రహాలకీ నిర్వచనాలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. సొంత పాట కట్టేటప్పుడు మాత్రం అది నా చేతిలో ఉన్న పనిముట్టు అని తోచలేదు. కచేరీ కోసం నేర్చుకున్నది ఒక గదిలో, కట్టేది ఇంకో గదిలో పెట్టుకున్నాను. ఇది నా ఒక్కదాని సమస్య అనుకోను. కర్ణాటక సంగీతం బాగా వచ్చిన పిల్లలు కూడా సొంత పాట అనగానే లూప్ తెరిచి దాని మీద సమం నుంచి సమం దాకా మాటలు పరుస్తున్నారు. రాగంలో ఎంత కష్టపడతారో! లయని మాత్రం సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తారు.

చరణం సంగతికి వస్తాను, నాకు ఎక్కువ ఇష్టమైన భాగం అదే. ఇప్పటి పోటీ కబడ్డీలో ఒక కూతకి 30 సెకన్లు గడువు. 96 వేగంతో 30 సెకన్లకి 48 దెబ్బలు, అంటే ఆరు ఆవర్తనాలు. కాబట్టి చరణం సరిగ్గా ఆరు ఆవర్తనాలే ఉండాలని పెట్టుకున్నాను. అందులో సగం మంది కూత పెడతారు, ఆపకుండా "కబడ్డి కబడ్డి", దెబ్బకొకటి, ఆవర్తనానికి ఎనిమిది. మిగతా సగం ఎదుటి జట్టు. ఏడుగురు. వాళ్లకి ఏడు మాత్రల నడక ఇద్దామనిపించింది.

చేయి పట్టిన చేయి వదలదు
గొలుసు తెగితే ఆట మిగలదు
చెడుగుడు!

చేయి మూడు, పట్టిన నాలుగు. చేయి మూడు, వదలదు నాలుగు. రెండో వరుసా అంతే. నాలుగు ఏళ్లు ఇరవై ఎనిమిది, చివర చెడుగుడు నాలుగు, మొత్తం ముప్ఫై రెండు. కింద నాలుగు మాత్రల కూత, పైన ఏడు మాత్రల గొలుసు, ఆవర్తనం ఆఖరి దెబ్బ మీద "చెడుగుడు", "కబడ్డి" ఒకేసారి పడతాయి. మధ్యలో ఏం జరుగుతుందో చూడండి. రెండో ఏడు రెండో దెబ్బలో నాలుగో మాత్ర మీద మొదలవుతుంది. మూడో ఏడు నాలుగో దెబ్బలో మూడో మాత్ర మీద. నాలుగో ఏడు ఆరో దెబ్బలో రెండో మాత్ర మీద. చెడుగుడు ఎనిమిదో దెబ్బలో మొదటి మాత్ర మీద. మెట్టు మెట్టుగా జరుగుతూ వచ్చి దెబ్బని పట్టుకుంటుంది. కూత పెట్టే పిల్ల చుట్టూ గొలుసు బిగిసేది కూడా అలాగే.

ఏడు మాత్రలంటే జనానికి ఎక్కదని నాతో చాలామంది అన్నారు. సంగీతం తెలిసినవాళ్లే అన్నారు. వాళ్లకి నా జవాబు ఒక్కటే. గురజాడ 1910 ప్రాంతంలో రాసిన "దేశమును ప్రేమించుమన్నా, మంచి అన్నది పెంచుమన్నా" తెలియని తెలుగువాళ్లు ఎంతమంది? దేశ మూడు, మునుప్రే నాలుగు, మించు మూడు, మన్నా నాలుగు. మంచి మూడు, అన్నది నాలుగు, పెంచు మూడు, మన్నా నాలుగు. ఏడు మాత్రల ఈ నడకే మిశ్రగతి. తరతరాలుగా మన బళ్లలో పిల్లలు ఏడు మాత్రలు నమిలి మింగుతున్నారు, ఎవరికీ అరగకపోవడం లేదు. నేను చూసిన బళ్లలో దాన్ని ఎనిమిదికి సాగదీసి కవాతు పాటలా పాడిస్తారు, అది నాకు బాధగా ఉంటుంది. ఉన్న నడకని తీసేసి అందరికీ అలవాటైన నడక తొడగడం అది.

ఇంకా వెనక్కి వెళ్తే రగడలున్నాయి, మాత్రల గణాలతో నడిచే పాత ఛందస్సులు. మన వాళ్లు వీటిలో చాలావాటికి జంతువుల నడకల పేర్లు పెట్టారు. మూడు మాత్రల గణాలతో నడిచేది తురగవల్గన, గుర్రపు దూకుడు. ఐదు మాత్రలది ద్విరదగతి, ఏనుగు నడక. మూడూ నాలుగూ కలిపి నాలుగుసార్లు, ఇరవై ఎనిమిది మాత్రలు, వృషభగతి. ఎద్దు నడక. నా గొలుసు పాట లెక్క సరిగ్గా అదే. కాలు ఊని లాగే ఏడుగురు పిల్లలకి ఎద్దు నడక కుదరకుండా ఎలా ఉంటుంది? ఏనుగు నడుస్తుంటే చూసి, అందులో ఐదు ఉందని విని, దానికి అక్షరాలు పేర్చిన మనిషి ఎవరో తెలియదు. ఆ మనిషి కూడా నా లెక్కన కంపోజరే.

పిల్లలకి నేర్పడం మాత్రం తేలిగ్గా జరగలేదు. గొలుసు జట్టు మూడో ఏడు దగ్గరికి వచ్చేసరికి కూత జట్టు నాలుగులోకి జారిపోయేది. వేళ్ల మీద లెక్కపెట్టించాను, ఇంకా చెడింది. లెక్కపెట్టేవాళ్లు పాడలేరు. చివరికి బరిలోకి తీసుకెళ్లి గొలుసు జట్టు చేతులు పట్టుకుని నిలబడమన్నాను. "చేయి" అన్నప్పుడు ఎడమకి, "పట్టిన" అన్నప్పుడు కుడికి ఊగమన్నాను. మూడు మాత్రల ఊగు చిన్నది, నాలుగు మాత్రలది పెద్దది. ఒంట్లోకి వెళ్లాక గొంతు తప్పలేదు. అరగంట పట్టింది. ఎదురుగా కూత జట్టు దెబ్బకొక అడుగు వేస్తూ "కబడ్డి" అంటోంది. రెండు జట్లూ "చెడుగుడు" దగ్గర కలిసిన మొదటిసారి వాళ్లే కేకలు పెట్టారు, నేను చెప్పకుండానే.

వినేవాళ్లకి ఈ లెక్కలెందుకు అని అడిగేవాళ్లుంటారు. వినేవాళ్లకి అక్కర్లేదు. వంట తినేవాళ్లకి ఉప్పు కొలత అక్కర్లేదు, వండేవాళ్లకి కావాలి. కానీ ఇందులో ఒక ప్రమాదం ఉందని నేనూ ఒప్పుకుంటాను. కొన్నేళ్ల కిందట తొమ్మిది మాత్రల సంకీర్ణ గతిలో ఒక పాట కట్టాను. ముందు లెక్క పెట్టుకుని, దానిలోకి మాటలు కుక్కాను. ఎక్కడ మాత్ర తక్కువైతే అక్కడ "ఓ", "ఆ" చేర్చాను. కిట్టింపు. లెక్క సరిపోయింది, పాట ఎవరికీ పట్టలేదు, నాకు కూడా. లెక్క మాటలోంచి రావాలి. "కబడ్డి"లో జగణం ఉంది కాబట్టి కబడ్డీ పాటలో జగణం ఉంది. ఏడుగురు ఉన్నారు కాబట్టి ఏడు ఉంది.

అలాగే మాట కొలతని ట్యూన్ విరవకూడదు. గెలుపుని "గెలూపు" అనో, వానని "వన" అనో పాడిస్తే అర్థం చెడటం ఒకటే కాదు, నడక చెడుతుంది. పొట్టి అక్షరం పొట్టిగా ఉంటేనే దాని పక్కనున్న పొడవుకి బలం వస్తుంది. మెల్లగా సాగే పాటలో, రాగం తీసే చోట, లఘువుని సాగదీయడం వేరు. అక్కడ రాగం మాట్లాడుతుంది, మాట పక్కకి తప్పుకుంటుంది. ఊపు కావాల్సిన పాటలో మాత్రం అది తన కాలు తనే నరుక్కోవడం.

రికార్డింగ్ గురించి ఒక ముక్క. పిల్లల గొంతులు రికార్డు చేశాక, శబ్దాలని కచ్చితమైన తాళం గీతల మీదకి జరిపే క్వాంటైజ్‌ని అలవాటుగా నొక్కాను. ప్రతి అక్షరం గ్రిడ్ మీదకి వెళ్లి అతుక్కుంది. "తే"లన్నీ బొమ్మలాగా నిలబడ్డాయి. పిల్లలు "దాటితే"లో "తే"ని వెంట్రుకవాసి ఆలస్యంగా వేస్తున్నారు, డప్పు కోసం చూసి వేస్తున్నారు కాబట్టి. ఆ చూపు వినబడుతుంది. క్వాంటైజ్ తీసేశాను. తాళం కోసం టిక్ టిక్ మనే క్లిక్ ట్రాక్ కూడా తీసేసి డప్పునే క్లిక్‌గా పెట్టుకున్నాం. చివరి పాటలో ఉన్నవి డప్పు, చప్పట్లు, గొంతులు, అడుగుల చప్పుడు. కీబోర్డు శ్రుతి కోసం ఒక్క స్వరం పట్టుకుంటుంది.

ముగింపుకి ముక్తాయింపు కావాలి, అంటే పాటని తెచ్చి సమం మీద దించే లయ ముక్క. కూత ఆఖర్న, ఊపిరి అయిపోతూ గీత వైపు చేయి చాచేటప్పుడు, పిల్లలు "కబడ్డీ" అని దీర్ఘం తీస్తారు. బరి పక్కన కూర్చున్న నాలుగు సాయంత్రాల్లో విన్నదే. దీర్ఘం వచ్చిందంటే నాలుగు మాత్రలు ఐదవుతాయి. మూడుసార్లు అంటే పదిహేను. నాలుగు దెబ్బలకి పదహారు మాత్రలు. ఒక మాత్ర మౌనం, తర్వాత కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ, ఆ తర్వాత సమం. ఆ సమం మీద పాట లేదు, డప్పు ఒక్క దెబ్బ, అంతటితో అయిపోయింది. అప్పటిదాకా నాలుగుగా విన్న మాట చివర్లో ఐదుగా మారి దెబ్బల మీంచి జారుతూ వెళ్తుంటే ఎక్కడ దిగుతుందో తెలియక చెవి బిగుసుకుంటుంది. ఏ మృదంగం గురువుని అడిగినా ఇది చిన్న ముక్తాయింపే అంటారు. పదమూడేళ్ల పిల్లలకి అది చాలు.

పోటీల రోజు తెల్లవారుజామున బస్సెక్కాం. పీఈటీ సార్ పాటలు వద్దు, గొంతులు దాచుకోండి అన్నారు. కాసేపు నిశ్శబ్దంగానే ఉన్నారు. ఊరు దాటి మెయిన్ రోడ్డు ఎక్కాక వెనక సీట్లో ఎవరో ముందున్న కమ్మీ మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టారు. డప్పు తాత ఆ బస్సులో లేడు. ఎవరూ చేయి ఎత్తి ఆగమని చెప్పలేదు. అర దెబ్బ ఆగి, పద్నాలుగు గొంతులూ ఒకేసారి "గీత" అని ఎత్తుకున్నాయి.